అటకకు గాలి ఆడాలి: విజయవాడ, గుంటూరు ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి నెలాఖరుకు ఫోన్లు మొదలవుతాయి. పై గది ఉడికిపోతోందని ఒకరు, ఏసీ రాత్రంతా ఆగడం లేదని ఇంకొకరు. ఇళ్ల మరమ్మతు పనులు చేయించేవాడిని కాబట్టి వెళ్లి నిచ్చెన వేసి చూస్తాను. పదింటిలో ఏడెనిమిది ఇళ్లలో కనిపించేది ఒకటే: కప్పు కింద చేరిన వేడికి బయటికి పోయే తోవ ఉండదు. అవే సందేహాలకు అవే జవాబులు చెప్పి చెప్పి, చివరికి ఇలా రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. కప్పుకూ గది లోకప్పుకూ మధ్య ఉండే ఖాళీ ఏదైనా సరే, ఇక్కడ దాన్ని అటక అనే అంటున్నాను.

## ముందుగా తెలుసుకోవలసినవి

అటకలో ఎవరమూ పడుకోం కదా, అక్కడ గాలి ఆడకపోతే మాకేమిటి నష్టం?

మీరు పడుకునేది దాని కిందే. మే నెల మధ్యాహ్నం రేకు కప్పు 60 డిగ్రీలు దాటి కాలడం మామూలు విషయం. ఆ వేడి అటకలోని గాలిని కాగబెడుతుంది, లోకప్పు పలకలను కాగబెడుతుంది, ఆ పలకలు మీ మంచం మీదికి వేడిని విడుస్తాయి. పైన సీలింగ్ ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తూ ఉంటుంది. సూర్యుడు పోయినా గది చల్లబడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. వేడి ఒక్కటే కాదు, వానాకాలంలో తేమ కూడా అక్కడే చిక్కుకుంటుంది. వాసాలకు బూజు, చెదలు, ఇనుప మేకులకు తుప్పు, వైర్ల తొడుగు పెళుసుబారడం అన్నీ ఆ చీకట్లోనే జరుగుతాయి కాబట్టి చాలా ఆలస్యంగా బయటపడతాయి.

మాది డాబా ఇల్లు. అటకే లేదు. ఇదంతా నాకెందుకు?

ఫాల్స్ సీలింగ్ ఉందా? ఉంటే మీకు అటక ఉన్నట్టే, ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తున. డాబా మీద రేకుల గది కట్టి అద్దెకిచ్చారా? అదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఈ రెండూ లేకపోతే మీకు కావలసింది స్లాబు మీద ఎండ పడకుండా చూసుకోవడం, గది గోడల పైభాగంలో వెంటిలేటర్లు మూసేయకుండా ఉంచుకోవడం. కాంక్రీటు పగలంతా వేడిని దాచుకుని పొద్దుపోయాక మెల్లగా విడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూలు ఎక్కి స్లాబు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

పూర్వం పెంకుటిళ్లు చల్లగా ఉండేవి కదా, ఇప్పుడు మా పెంకుటిల్లు ఎందుకు కొలిమిలా ఉంది?

గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్నగారిది గూన పెంకుల ఇల్లు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం జంతికల డబ్బా కోసం అటక ఎక్కేవాళ్లం. పెంకుల సందుల్లోంచి వెలుగు రూపాయి బిళ్లల్లా చెక్కల మీద పడి ఉండేది. వెలుగు వచ్చిన ప్రతి సందులోంచీ వేడి బయటికి పోయేది. చూరు దగ్గర గోడకూ వాసాలకూ మధ్య జానెడు ఖాళీ ఉండేది, అక్కడి నుంచి గాలి లోపలికి వచ్చేది. ఆ ఏర్పాటుకు ఎవరూ పేరు పెట్టలేదు, ఇంజనీరు గీసి ఇవ్వనూ లేదు.

తరువాత బెంగుళూరు పెంకు వచ్చింది. పేరు అలా పడిపోయింది గానీ ఆ పెంకు పుట్టింది మంగుళూరులో, 1865లో బాసెల్ మిషన్ వారి కార్ఖానాలో. ఒకదానికొకటి గాడిలో కూర్చుంటాయి కాబట్టి వాన కారదు, అయినా సన్నగా గాలి ఆడుతుంది. ఇల్లు ఉడకడం ఆ తరువాత మొదలైంది. కారుతోందని పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా పరిచారు. దుమ్ము పడుతోందని ప్లైవుడ్ కొట్టారు. ఎలుకలు వస్తున్నాయని చూరు ఖాళీని సిమెంటుతో పూడ్చారు. ఒక్కో పనికీ ఒక్కో కారణం ఉంది, అన్నీ కలిసి ఇంటికి ఊపిరి ఆడకుండా చేశాయి. మీ ఇంట్లోనూ ఈ మూడింటిలో ఏది జరిగిందో ముందు చూసుకోండి.

వేడి గాలి పైకి పోతుంది కదా, పైన ఒక కన్నం పెడితే చాలదా?

చాలదు. పదిహేను కిలోల నూనె డబ్బాకు ఒకే బెజ్జం పెట్టి వంచితే గుటగుటమంటూ ఆగి ఆగి పడుతుంది. ఎదురు మూలలో ఇంకో బెజ్జం పెట్టగానే ధార కడుతుంది. అటకా అంతే. పైనుంచి వేడి గాలి పోవాలంటే ఆ చోటును నింపడానికి కింది నుంచి బయటి గాలి రావాలి. రావడానికి చూరు దగ్గర, పోవడానికి కొప్పు (కప్పు వాలులు రెండూ పైన కలిసే చోటు) దగ్గర, రెండు చోట్లా దారి ఉండాలి. రెంటి మధ్య ఎత్తు ఎంత ఎక్కువ ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది.

అమెరికా వాళ్ల వీడియోలన్నీ చలికాలం, మంచు అంటాయి. అవి మనకు పనికొస్తాయా?

సగం పనికొస్తాయి. అక్కడ శీతాకాలంలో ఇంట్లోని వెచ్చని తడి గాలి అటకలోకి ఎక్కి చల్లని కప్పుకు తగిలి నీరవుతుంది. కప్పు మీది మంచు కరిగి చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. ఈ రెండు బాధలూ మనకు లేవు. మనది తలకిందుల వ్యవహారం: తడి బయట ఉంటుంది, చల్లదనం ఏసీ గదిలో ఉంటుంది. కాబట్టి ఎంత ఖాళీ వదలాలి, కన్నాలు ఎక్కడ పెట్టాలి అన్న లెక్కలు తీసుకోండి. ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పొరను గది వైపు వేయమని చెప్పే భాగాన్ని మాత్రం వదిలేయండి, మన వాతావరణంలో అది తడిని తప్పు చోట పట్టి ఉంచుతుంది.

## ఇల్లు కట్టేముందు, కప్పు వేసేముందు

ఎంత ఖాళీ వదలాలి? ఏదైనా లెక్క ఉందా?

అమెరికా నివాస భవనాల నియమావళిలో ఒక సులువైన లెక్క ఉంది: అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి. పైనా కిందా సరిగ్గా పంచితే, మరికొన్ని షరతులతో 300వ వంతు చాలంటారు. మన ఎండలకు నేను 150కే కట్టుబడతాను.

ఇంటికి అన్వయించి చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇంటికి 600 చదరపు అడుగులు. 150తో భాగిస్తే 4 చదరపు అడుగులు. రెండు కింద, రెండు పైన. కింది రెండు చదరపు అడుగులంటే 8 అంగుళాలకు 6 అంగుళాల కన్నాలు ఆరు. ఇవి పూర్తిగా తెరిచి ఉన్న ఖాళీకి చెప్పిన లెక్కలు. దోమల జాలీ బిగిస్తే గాలి దారి దాదాపు సగం పోతుంది కాబట్టి కన్నాలు రెట్టింపు చేయండి. మేస్త్రీకి నోటిమాటగా "కాస్త గాలి వదులు" అని చెబితే నాలుగు ఇటుకలంత వదిలి ఊరుకుంటాడు. కన్నం కొలత, సంఖ్య కాగితం మీద రాసి ఇవ్వండి.

గాలి కన్నాలు ఏ దిక్కున పెట్టాలి?

వేసవి సాయంత్రం మనకు ఊరట ఇచ్చేది సముద్రం వైపు నుంచి, అంటే దక్షిణం, ఆగ్నేయం నుంచి వీచే పైరగాలి. పగటి పూట వడగాలి పడమటి నుంచి కొడుతుంది. అందుకని చూరు దగ్గరి కింది కన్నాలు దక్షిణం, తూర్పు వైపుల్లో ఎక్కువగా ఉంటే మంచిది. పై కన్నాలు కొప్పు దగ్గర, లేదా త్రికోణంగా లేచిన గోడల శిఖరం దగ్గర. ఎదురెదురు గోడల్లో ఉండాలే తప్ప ఒకే గోడకు రెండూ పెట్టవద్దు. బెజవాడలో కొండకు ఆనుకుని ఉన్న ఇళ్ల సంగతి వేరు. బండరాయి రాత్రి పొద్దుపోయే దాకా వేడి కక్కుతుంది. కొండ వైపు కింది కన్నాలు పెడితే ఆ వేడినే లోపలికి పిలుచుకున్నట్టు.

ఈశాన్యంలో కప్పు మీద తిరిగే గాలి చక్రం (టర్బో వెంటిలేటర్) పెడితే బరువు పడుతుందని వాస్తు చూసినవారు వద్దన్నారు. ఏం చేయాలి?

గాలి చక్రం కొద్ది కిలోల అల్యూమినియం. ఈశాన్యాన పెట్టే మంచినీళ్ల కుండ అంతకన్నా బరువు. అయినా మీ మనసులో ఆ శంక ఉంటే నడికొప్పు మీద ఎక్కడికైనా జరపండి, గాలికి పెద్ద తేడా ఉండదు. వాస్తు పేరు చెప్పి దక్షిణపు కన్నాలు పూర్తిగా మూయించడం ఒక్కటే నేను ఒప్పుకోను.

ఎలాగూ ప్రతి గదికీ ఏసీ పెడుతున్నాం. వెంటిలేటర్లు దేనికి, దండగ కదా?

కరెంటు పోయిన రాత్రి ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నివాస భవనాల కోసం కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. వేడీ తేమా రెండూ ఉండే ప్రాంతాల్లో తెరవడానికి వీలున్న కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల వైశాల్యం అంతా కలిపి ఇంటి కార్పెట్ వైశాల్యంలో (బయటి గోడలు పోను లోపలి నేలలో) 16.66 శాతానికి, అంటే ఆరో వంతుకు తగ్గకూడదని అందులో ఉంది. పొడి వేడి ప్రాంతాలకు 10 శాతమే. తేమ ఉన్న చోట గాలి కదలిక ఎంత అవసరమో ఆ తేడాయే చెబుతుంది. ఏసీ వేసినప్పుడు మూసుకోవడానికి వెంటిలేటరుకు తలుపు పెట్టించుకోండి. అద్దం బిగించి శాశ్వతంగా మూసేయకండి.

పెంకా, రేకా, స్లాబా? ఏది వేయమంటారు?

డబ్బుంటే స్లాబు వేసి దాని మీద నీడ. పల్లెలో విశాలమైన స్థలం, చెట్లు ఉంటే పెంకు. రేకు వేయక తప్పకపోతే లేత రంగు రేకు, కింద గాలి ఆడే అటక, ఆ కింద లోకప్పు. రేకు కింద నేరుగా కాపురం పెట్టవద్దు.

## ఉన్న ఇంటిని బాగుచేసుకోవడం

మా అటకలో గాలి ఆడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి ఒక అగరుబత్తి వెలిగించి నిచ్చెన ఎక్కండి. ముందు చూరు దగ్గరి కన్నం ముందు పట్టుకోండి. పొగ లోపలికి వాలాలి. తరువాత కొప్పు దగ్గరి కన్నం ముందు. అక్కడ పొగ బయటికి లాగినట్టు పోవాలి. రెండు చోట్లా పొగ నిటారుగా లేచి మీ కళ్లలోకి వస్తే గాలి చచ్చి ఉన్నట్టు లెక్క. ఎండుగడ్డి, పాత కాగితాలు ఉన్న చోట మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఇంకో పద్ధతి: చవక రకం థర్మామీటర్లు రెండు కొని ఒకటి అటకలో, ఒకటి వరండా నీడలో పెట్టండి. అటక బయటికన్నా ఐదారు డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే పని ఉన్నట్టే.

సత్యనారాయణపురంలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు ఈ రెండూ అవసరం పడలేదు. కన్నాలు నాలుగూ చక్కగా ఉన్నాయి. చెయ్యి పెడితే ఒక దానిలోంచి సిమెంటు సంచి, రెండో దానిలోంచి పాత స్వెట్టరు, మూడో దానిలోంచి పిచ్చుక గూడు వచ్చాయి. నాలుగోది బయటి నుంచి సున్నం పూసి కప్పేశారు. ఇంటి పెద్దాయన చూసి, "రంగులవాళ్ల పని అయి ఉంటుంది" అన్నారు. స్వెట్టరు మాత్రం ఆయనదే.

టర్బో వెంటిలేటర్ పెడితే ఇల్లు చల్లబడుతుందా?

ఫ్యాక్టరీ షెడ్ల మీద గిరగిరా తిరిగే గాలి చక్రం అదే. కరెంటు అక్కరలేదు. గాలికి తిరుగుతుంది, గాలి లేనప్పుడు కూడా లోపలి వేడి గాలికి పైకి పోయే దారిగా పనికొస్తుంది. సాధారణంగా దొరికే 24 అంగుళాల చక్రం గొంతు వైశాల్యం సుమారు 3 చదరపు అడుగులు. ఒక చిన్న ఇంటి అటకకు ఒకటి సరిపోతుంది.

మన ఊళ్లలో ఇవి విఫలమవడానికి ప్రధాన కారణం, చూరు దగ్గర గాలి వచ్చే దారి లేకుండా పైన చక్రం ఒక్కటే బిగించడం. అప్పుడది గది లోకప్పు సందుల్లోంచి మీ ఏసీ గాలినే లాగి ఆకాశానికి పంపుతుంది. రెండోది, కొప్పు కన్నాల పక్కనే చక్రం పెట్టడం. పక్క కన్నం నుంచి గాలి తీసుకుని పక్కనే వదులుతుంది, అటక మాత్రం అలాగే ఉంటుంది. చక్రం పెట్టినప్పుడు దాని దగ్గరి కొప్పు కన్నాలు మూసేయాలి.

చల్లబడుతుందా అంటే, బయటి గాలికన్నా చల్లగా ఎప్పటికీ కాదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతున్నప్పుడు బయటిదే నిప్పు. చక్రం చేసేది అదనపు వేడిని పోనివ్వడం, సాయంత్రం అయ్యాక ఇల్లు త్వరగా తేరుకునేలా చేయడం.

అటకలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, వేడి ఒక హద్దు దాటగానే దానంతట అదే తిరిగే థర్మోస్టాట్ రకం అయితే. గాలి వచ్చే దారి ముందుగా వదలండి. మోటారు అంత వేడిలో పనిచేసే రకమో కాదో అడిగి కొనండి. వంటింటి ఫ్యాను తెచ్చి అటకలో బిగిస్తే రెండు వేసవులు రాదు.

ఫాల్స్ సీలింగ్ వేస్తే వేడి తగ్గుతుందని చెప్పారు. మాకు తగ్గలేదు. ఎందుకు?

కొంత తగ్గాలి. మధ్యలో గాలి పొర ఉంది, ఏసీ చల్లబరచవలసిన గది ఎత్తూ తగ్గింది. తగ్గలేదంటే రెండు సంగతులు చూడండి. ఒకటి, పాత వెంటిలేటర్లు ఫాల్స్ సీలింగ్ పైకి పోయి, అక్కడ లోపలి నుంచి ప్లైవుడ్ కొట్టి మూసేశారా? డిజైన్ బాగా కనిపించాలని ఈ పని చేసేవారు చాలామంది, నాకు ఒళ్లు మండే సంగతి ఇది. ఆ వెంటిలేటర్లు సరిగ్గా ఆ ఖాళీకే కావాలి. వాటికి జాలీ కొట్టి తెరిచి ఉంచితే స్లాబు విడిచే వేడి అక్కడి నుంచే బయటికి పోతుంది. రెండు, లైట్ల కోసం కోసిన గుండ్రని కన్నాల చుట్టూ, కర్టెన్ల పెట్టె వెనుకా సందులున్నాయా? ఆ సందుల్లోంచి పై వేడి గదిలోకి, గది చల్లదనం పైకి పోతాయి. పైనున్న ఖాళీ బయటి గాలికి తెరిచి, గదికి మూసి ఉండాలి. మన ఇళ్లలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరుగుతోంది.

వానాకాలంలో ఏసీ గది ఫాల్స్ సీలింగ్ మీద నల్లమచ్చలు వస్తున్నాయి. స్లాబు కారడం లేదు. మరి ఎక్కడి నీళ్లు?

గాలిలోని నీళ్లే. జులై నుంచి సెప్టెంబరు దాకా మన కోస్తా గాలి ఎంత తడిగా ఉంటుందంటే, 25 డిగ్రీల చల్లని వస్తువు తగిలినా చాలా రోజుల్లో దాని మీద చెమట పడుతుంది. చల్లని మజ్జిగ గ్లాసు బయట నీటి బొట్లు పట్టడం చూశారు కదా. మీరు ఏసీని 18లో పెడితే జిప్సం బోర్డు ఆ గ్లాసులా చల్లబడుతుంది, పైనున్న తడి గాలి దాని వీపు మీద నీరవుతుంది. బోర్డు కాగితం ఆ తడిని తాగుతుంది, బూజు పడుతుంది.

దీనికి వెంటిలేటర్లు మూయడం మందు కాదు, తేమ ఎలాగూ చొరబడుతుంది, మూస్తే ఆరే దారీ పోతుంది. ఏసీ 24 నుంచి 26 మధ్య పెట్టి ఫ్యాను తిప్పండి. 2020 జనవరి 1 నుంచి తయారయ్యే గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఊరికే రాలేదు. బోర్డు పై వైపు రాతి ఉన్ని లాంటి ఉష్ణ నిరోధక పొర పరిపించండి. ఏసీ రాగి గొట్టాల మీది నురుగు తొడుగు చిరిగిందేమో కూడా చూడండి, సగం మచ్చలు ఆ గొట్టం కింద వరసగానే ఉంటాయి.

డాబా మీద రేకుల షెడ్డు వేస్తే కింది ఇల్లు చల్లబడుతుందా?

బాగా చల్లబడుతుంది, నాలుగు వైపులా తెరిచి ఉంచితే. స్లాబు మీద ఎండ పడదు, రేకు కింద వేడెక్కిన గాలి పక్కల నుంచి పోతుంది. అటకల్లోకెల్లా గొప్ప అటక అది. వెనకటి వాళ్లు వేసవికి తాటాకు పందిరి వేసింది ఈ కిటుకుతోనే. చిక్కు ఎక్కడంటే, రెండేళ్లకు ఇంటివారికి ఆశ పుడుతుంది. "చుట్టూ గోడ లేపితే ఒక గది వస్తుంది కదా" అంటారు. గోడ లేపిన రోజున అది పొయ్యి అవుతుంది, కింది ఇంటికి చలువా పోతుంది. వేసేముందు మునిసిపల్ అనుమతి సంగతి కనుక్కోండి. స్తంభాలను స్లాబులోకి గట్టిగా దిగ్గొట్టించండి, బాపట్ల మనకు దూరం కాదు, తుపాను గాలి రేకును కాగితంలా లేపుతుంది.

తెల్ల రంగు ముందా, గాలి ముందా? రెండింటికీ డబ్బు లేదు.

తెల్ల రంగు. సున్నమైనా సరే. వేడి లోపలికి వచ్చాక తోలేకన్నా రాకుండా ఆపడం చవక. ఫిబ్రవరిలో డాబా కడిగి, పగుళ్లు పూడ్చి వేయండి. పెంకుటింటి వారికి మాత్రం ఈ జవాబు వర్తించదు, వారు ముందు చూరు కన్నాలు తెరవాలి.

రేకు కింద వెండి రంగు ఫాయిల్ కొట్టించాం. పెద్దగా తేడా లేదు.

ఫాయిల్ మెరిసే వైపును రేకుకు అంటించి కొట్టి ఉంటారు. మెరిసే వైపు ముందు కనీసం ఒక అంగుళం గాలి ఖాళీ ఉంటేనే అది వేడిని వెనక్కు తిప్పుతుంది. ఆ వైపు ఇనుముకు తగిలితే అది మామూలు లోహపు రేకే, వేడిని అటునుంచి ఇటు దాటిస్తుంది. మెరుపు కిందికి ఉండేలా, కొద్దిగా వదులుగా కట్టించండి. పైకి ఉంటే దుమ్ము పట్టి ఏడాదిలో మసకబారుతుంది.

మాది పాత సిమెంటు రేకు. దానికి కన్నం కోసి గాలి చక్రం పెట్టించవచ్చా?

అది ఆస్బెస్టాస్ అయి ఉండవచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు, అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కదపకుండా ఉంటే ప్రమాదం తక్కువ. రంపం పెట్టి కోస్తేనే ముప్పు. రేకును ముట్టుకోకుండా త్రికోణపు గోడల్లో పైన కన్నాలు తీయించండి. చక్రమే కావాలంటే ఆ ఒక్క రేకును తడిపి, విరగకుండా దించి, దాని చోట చక్రం బిగించడానికి తయారుచేసిన కొత్త రేకు వేయించండి.

## వాన, జీవాలు, సామాను

కన్నాలు పెడితే వాన జల్లు లోపలికి రాదా?

మామూలు వాన రాదు, చూరు ముందుకు ఉంటే. తుపాను వాన అడ్డంగా కొడుతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తెరిచి ఉన్న పై కన్నాల గుండా నీళ్లు వచ్చిన ఇళ్లు నేను చూశాను. ఈశాన్యం, తూర్పు వైపు కన్నాలకు కిందికి వాలిన పలకల లూవర్లు పెట్టించండి, కన్నం అడుగు బయటికి వాలుగా పూత పూయించండి. తుపాను హెచ్చరిక వచ్చిన రెండు రోజులకు ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టుకుని, వెలిసిన మర్నాడే తీసేయండి. తీయడం మరిచిపోయి మేలో నాకు ఫోను చేసినవారూ ఉన్నారు.

పావురాలు, ఎలుకలు, కోతులు వస్తే?

పావురానికి, ఎలుకకు అర అంగుళం ఇనుప జాలీ చాలు. ప్లాస్టిక్ జాలీని ఎలుక రాత్రికి రాత్రి కొరికేస్తుంది. ఇప్పటికే పావురాల రెట్ట పేరుకుని ఉంటే పొడిగా ఊడ్చకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. ముక్కుకు మాస్కు కట్టి, నీళ్లు చల్లి, తడిగా ఎత్తండి. కోతికి జాలీ లెక్క కాదు. పెంకు ఎత్తి లోపలికి చూసే రకం. అటకలో తినేవి పెట్టకపోవడం ఒక్కటే ఉపాయం.

ఎండుమిరపకాయలు ఏడాదికి సరిపడా అటక మీద పోసుకోవచ్చా?

గుంటూరువారు అడిగే ప్రశ్న కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాయలో తేమ సుమారు 10 శాతానికి దిగేదాకా ఎండబెట్టాక, గాలి ఆడే అటకలో ఒకటి రెండు నెలలు గోనె సంచిలో ఉంచవచ్చు. అంతకు మించితే వేడికి ఎరుపు వెలిసి ఇటుక రంగు అవుతుంది. ఊరి చుట్టూ అన్ని శీతల గిడ్డంగులు వెలిసింది ఆ రంగు కాపాడటానికే. గాలి ఆడని అటకలో వానాకాలం ఉంచితే ఇంకా నష్టం, బూజు పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. కడిగి ఎండబెట్టినా ఆ విషం పోదు. నలుపు, తెలుపు మచ్చలు కనిపించిన కాయ పారేయండి. సంచిని నేలకు ఆనించకుండా చెక్క పలక మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

అటకలో ఏవి పెట్టకూడదు?

పెయింటు డబ్బాలు, థిన్నరు, శానిటైజరు, మిగిలిపోయిన దీపావళి మందుగుండు, పాత ఇన్వర్టర్ బ్యాటరీ. మందులూ వద్దు. పెళ్లి ఫొటోలు, దస్తావేజులు అక్కడ పెడితే వేడికి అతుక్కుపోతాయి. ఇత్తడి గంగాళాలు, బొమ్మల కొలువు బొమ్మలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు, కన్నాలకు అడ్డం మాత్రం కాకూడదు.

అటకలోంచి పోయే వైర్లకు వేడి ప్రమాదమా?

మామూలు పీవీసీ తొడుగు వైరు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. చుట్టూ ఉన్న గాలే 55 డిగ్రీలు ఉంటే, కరెంటు ప్రవాహంతో పుట్టే వేడికి మిగిలిన హద్దు 15 డిగ్రీలే. ఏసీ, గీజరు వైర్లను అటకలోంచి తీసుకెళ్లక తప్పకపోతే ఒక సైజు లావు తీగ వేయించండి, కట్టలుగా చుట్టి పెట్టకండి. తొడుగు వేలితో వంచితే చిట్లుతోందంటే వెంటనే మార్పించాలి. చూసే ముందు మెయిన్ ఆపండి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. గోడలు ఆరాయి గానీ పై గదిలో ముక్కిన వాసన పోలేదు. ఎందుకు?

తడిసిన గోడలు నెలల తరబడి ఆరుతాయి. ఆ ఆవిరి పైకి లేచి కప్పు కింది ఖాళీలో చేరుతుంది. అక్కడ గాలి దారి లేకపోతే బోర్డుల వెనుక, చెక్కల సందుల్లో ఉండిపోయి బూజు పడుతుంది. ఫాల్స్ సీలింగ్‌లో ఒక పలక ఊడదీసి టార్చితో చూడండి. మెత్తబడిన బోర్డు ఆరబెట్టినా మళ్లీ గట్టిపడదు, తీసేయాలి. ఎదురెదురు మూలల్లో రెండు పలకలు తీసి, వెంటిలేటర్లు తెరిచి, ఒక మూల టేబుల్ ఫ్యానును పైకి తిప్పి పొడి రోజుల్లో వారం పాటు ఆడించండి. పూర్తిగా ఆరాకే రంగులు.

అద్దె ఇంట్లో ఉంటున్నాం. గోడకు కన్నం పెట్టనివ్వరు. మేం ఏం చేయగలం?

మూసి ఉన్న వెంటిలేటర్లలో గుడ్డలు, అట్టలు తీసేయండి. దానికి ఇంటివారి అనుమతి అక్కరలేదు. సాయంత్రం ఆరు దాటాక వెంటిలేటర్లు, దక్షిణం కిటికీ తెరిచి, ఎదురు కిటికీలో టేబుల్ ఫ్యానును బయటి వైపుకు తిప్పి అరగంట ఆడించండి. గది నిండా ఉన్న వేడి గాలి పోయాక ఏసీ వేస్తే త్వరగా అందుకుంటుంది. డాబా మీద సున్నం వేయించమని ఇంటివారిని ఫిబ్రవరిలోనే అడగండి. ఏప్రిల్‌లో అడిగితే, "ఈ ఏడాదికి అయిపోయింది కదమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అంటారు.